ఇంట కూర్చుకొను ఆటల కంప్యూటరు - విడిభాగముల ఎంపిక

తెలుగు పాఠము చెప్పుకొనువారికి కంప్యూటరు విడిభాగముల గొడవ ఏల అని పాఠకులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. మేము విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివినది తెలుగు సాహిత్యము. అయితే గత మూడు నాలుగు సంవత్సరములుగా మా తరగతి గదిలో ఛందస్సును గూర్చి వచ్చిన సందేహములకంటె గ్రాఫిక్స్ కార్డులను గూర్చి వచ్చినవే ఎక్కువ. విద్యార్థులు మమ్ము అడుగుటకు కారణము మా పాండిత్యము కాదు. ఈ విషయములో మేము ఒకసారి చేతులు కాల్చుకొన్నామన్న సంగతి వారికి తెలిసిపోయినది. ఆ కథ ముందు రాగలదు.

2025వ సంవత్సరము ఏప్రిల్ మాసములో ఎల్లారెడ్డి నుండి వచ్చి కామారెడ్డిలో డిగ్రీ చదువుచున్న ఒక విద్యార్థి మా యింటికి వచ్చినాడు. చేతిలో ఒక కాగితము. తండ్రి గల్ఫులో పని చేయుచున్నాడు. అదనపు గంటలు పనిచేసి కూడబెట్టిన 72,000 రూపాయలు కొడుకు కంప్యూటరు కొరకు పంపినాడు. ఇంటిలో పెద్దకూతురి నిఖా మాటలు సాగుచున్న రోజులవి. తల్లికి ఈ కొనుగోలు ఇష్టము లేదు. "ఆటలకు ఇంత పైసలా సార్? మీరన్న చెప్పుండ్రి వీనికి" అని ఫోనులో మాతో అన్నది. తండ్రి మాత్రము "మీరు ఏది మంచిదంటే అదే సాబ్, మళ్లీ మళ్లీ కొనలేము" అన్నాడు. ఆ రెండు మాటలను ముందు పెట్టుకొని మేము ఆ కాగితము చదివినాము.

అందులో ఉన్నవి ఇవి: కోర్ ఐ7 ప్రాసెసరు, 32 జీబీ మెమరీ, ఆరు రంగురంగుల పంకాలు గల అద్దాల క్యాబినెట్టు, 2019 నాటి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, చిట్టచివర 1,100 రూపాయల పవర్ సప్లై. యూపీఎస్ ప్రసక్తి లేనే లేదు. చూచుటకు ఘనముగా ఉన్నది గాని, డబ్బు పోవలసిన చోటికి పోలేదు. కామారెడ్డి బెల్లపు వ్యాపారము ఎరిగినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. తళతళలాడు తెల్లని బెల్లమునకు మందు కలిసి ఉండవచ్చును. అసలు రుచి ముదురు రంగు దిమ్మలోనే ఎక్కువ. కంప్యూటరు అంగడిలో ఆ తెల్లదనమును దీపముల రూపములో అమ్ముచున్నారు.

అసలు కంప్యూటరును ఇంటిలో కూర్చుకొనుట ఎట్లు సాధ్యమైనదో ముందు చూతము. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ నెలకొన్నది. ట్రాంబే శాస్త్రజ్ఞులు రూపొందించిన టీడీసీ-12 కంప్యూటరు 1969లో అచ్చట తయారైనది. ఆ కాలపు యంత్రములు ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రపంచము. ఒకదాని భాగము మరొకదానికి పనికిరాదు. 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును బజారులో దొరకు భాగములతోనే నిర్మించి, దాని అమరికను బహిరంగము చేసినది. దానితో ఎవరైనను ఆ కొలతలకు సరిపడు భాగములను చేయగలిగినారు. 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ ప్రమాణము మదర్‌బోర్డు కొలతలను, మరలు బిగించు రంధ్రములను, పవర్ సప్లై ఆకారమును స్థిరపరచినది. నేడు తైవానులో చేసిన బోర్డు చైనాలో చేసిన పెట్టెలో సరిగా కూర్చుండుటకు కారణము ఆ ప్రమాణమే. కావున కూర్పరికి కావలసినది ఇంజనీరు పట్టా కాదు; ఏది దేనితో కలియునో, ఏది కలియదో తెలియుట. మా వ్యాకరణ భాషలో చెప్పవలెనన్న, సంధి ఎచ్చట నిత్యము, ఎచ్చట లేదు అన్నది ఎరుగుట.

ఆట ఆడునప్పుడు లోపల జరుగునదేమి? తెరమీద కదలిక నున్నగా కనబడవలెనన్న సెకనుకు కనీసము 60 బొమ్మలు పడవలెను. అనగా ఒక్కొక్క బొమ్మకు సెకనులో అరువదవ వంతు మాత్రమే వ్యవధి. ఆ వ్యవధిలో ప్రాసెసరు ఆట నియమములను లెక్కించును: ఎవరు ఎచ్చట ఉన్నారు, బంతి ఎటు పోయినది, గోడ అడ్డు వచ్చినదా అన్నవి. పిదప ఏమి గీయవలెనో గ్రాఫిక్స్ కార్డునకు ఆజ్ఞలిచ్చును. కార్డు ఆ బొమ్మను చుక్క చుక్కగా గీయును. 1920 అడ్డు, 1080 నిలువు చుక్కల తెరలో మొత్తము 20,73,600 చుక్కలు. సెకనుకు 60 సారులన్న 12 కోట్ల 44 లక్షలకు పైబడిన చుక్కలు. ఈ గీత పని అంతయు కార్డుదే. అందువలననే ఆటల కంప్యూటరులో పెద్ద వాటా డబ్బు కార్డుకు పోవలెను. సుమారు మూడవ వంతు అనుకొనవచ్చును. ప్రాసెసరు పనివేగము కార్డు వేగమునకు తగినంత ఉన్న చాలును. నిజాంసాగరులో ఎంత నీరున్నను పంటకాలువ ఇరుకైనచో చివరి మడికి నీరందదు. మా విద్యార్థి జాబితాలో జలాశయము పెద్దది, కాలువ చిన్నది.

ఇచ్చట ఒక మాట. ముందు తెర నిర్ణయించుకొనవలెను, తరువాత కార్డు. 2560, 1440 చుక్కల తెర కొన్నవారికి చుక్కలు 36,86,400 అగును. కార్డు మీద భారము ముప్పాతిక వంతుకు పైగా పెరుగును. మేము 1080 తెరనే నిర్ణయించినాము. దానికి తగినట్లు ఏఎమ్‌డీ వారి రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డును ఎన్నుకొన్నాము. ఇది 2021లో వచ్చినది. 8 జీబీ మెమరీ గలది. 132 వాట్ల విద్యుత్తుతో నడచును. ఎన్‌విడియా వారి ఆర్‌టీఎక్స్ 4060 దానికంటె మేలైనది, 115 వాట్లకే నడచునది. కాని ఆరేడు వేలు ఎక్కువ. ఆ ఆరేడు వేలు మాకు మరొకచోట అవసరము కలదు.

ప్రాసెసరుగా రైజెన్ 5 5600 తీసికొన్నాము. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఇంటెల్ వారి కోర్ ఐ5 12400ఎఫ్ కూడ ఇంచుమించు ఇట్టిదే. రెండింటిలో ఆ రోజు ఏది చౌకగా దొరికిన అది తీసికొనవచ్చును. ఈ పేర్ల చివరి అక్షరములను జాగ్రత్తగా చదువవలెను. ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉన్నచో ఆ ప్రాసెసరులో బొమ్మ చూపు శక్తి లేదని అర్థము. గ్రాఫిక్స్ కార్డు లేనిదే తెర వెలుగదు. ఏఎమ్‌డీ వారి 5600లో ఆ శక్తి లేదు గాని, 5600జీ, 5600జీటీలలో కలదు. చేతిలో 40,000 లోపు మాత్రమే ఉన్నవారు కార్డు మానుకొని 5600జీటీతో మొదలుపెట్టి, పైకము సమకూడినప్పుడు కార్డు చేర్చుకొనుట ఉత్తమము. వలోరాంట్ వంటి తేలిక ఆటలు దానితోనే నడచును.

మదర్‌బోర్డు ప్రాసెసరునకు తగిన సాకెట్టు గలదై ఉండవలెను. రైజెన్ 5000 వరుసకు ఏఎం4 సాకెట్టు. 7000 మొదలు పై వరుసలకు 2022లో వచ్చిన ఏఎం5. ఇంటెల్ 12, 13, 14 తరములకు ఎల్‌జీఏ 1700. ఒకదానిలోనిది మరొకదానిలో కూర్చుండదు. బలవంతము చేసినచో పిన్నులు వంగును. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 మెమరీని మాత్రమే అంగీకరించును. డీడీఆర్4, డీడీఆర్5 కడ్డీలకు గాటు వేర్వేరు చోట్ల ఉండుట చేత ఒకదాని చోట మరొకటి దిగదు. ఏఎం4 పాతబడినది, ముందు ముందు దానికి క్రొత్త తరపు ప్రాసెసర్లు రావు అని విద్యార్థి వాదించినాడు. నిజమే. కాని క్రొత్త సాకెట్టు, క్రొత్త మెమరీ తీసికొన్నచో కార్డుకు డబ్బు మిగలదు. రేపటి సౌకర్యము కొరకు నేటి కార్డును తగ్గించుకొనుట మా లెక్కలో పొరపాటు. లక్ష పైన ఖర్చు చేయగలవారికి ఏఎం5 సరియైన మార్గము.

మెమరీ 16 జీబీ చాలునని నిర్ణయించినాము. అయితే 16 జీబీ కడ్డీ ఒక్కటి కాదు, 8 జీబీ కడ్డీలు రెండు. ప్రాసెసరు రెండు దారుల గుండా మెమరీతో మాటలాడగలదు. ఒక్క కడ్డీ వేసిన ఒక దారి మూతపడియుండును. నాలుగు గుంటలున్న బోర్డులో సాధారణముగా ప్రాసెసరు నుండి లెక్కించి రెండవది, నాలుగవది వాడవలెను. ఆ రోజు ఈ జత సుమారు 3,400 రూపాయలకు దొరికినది. కృత్రిమ మేధ కేంద్రముల గిరాకీ వలన 2025 చివరి నెలలలో మెమరీ ధరలు ప్రపంచమంతట పెరిగి, అదే జత ధర రెట్టింపు దాటినది. ఇప్పుడు కొనువారు మా అంకెలను నమ్ముకొనరాదు. కొనబోవు దినమున మరల విచారించుకొనవలెను. నిల్వకు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసికొన్నాము. దానిని గూర్చి ఇంతకంటె చెప్పదగినది లేదు.

ఇక పవర్ సప్లై. ఈ వ్యాసము వ్రాయుటకు కారణమే ఇది.

ఉద్యోగములో చేరిన క్రొత్తలో మేమును ఒక కంప్యూటరు కూర్చుకొన్నాము. అన్ని భాగములు ఆలోచించి కొని, చివరకు డబ్బు చాలక, పేరు ఊరు లేని పవర్ సప్లై ఒకటి ఒక అంగడిలో తొమ్మిది వందలకు కొన్నాము. పెట్టె మీద 500 వాట్లు అని పెద్ద అక్షరములతో ఉన్నది. చేతికి తేలికగా ఉన్నదని సంతోషించినాము కూడ! జూన్ నెలలో తొలకరి గాలివాన వచ్చిన ఒక సాయంకాలము దీపములు రెండుసార్లు మినుకుమని ఒక్కసారిగా భగ్గుమన్నవి. టపాసు ప్రేలినట్లు శబ్దము, కాలిన వాసన. పోయినది పవర్ సప్లై ఒక్కటే కాదు. తనతో మదర్‌బోర్డును, హార్డు డిస్కును తీసికొనిపోయినది. ఆ డిస్కులో మేము పరిశోధన కొరకు మూడేండ్లు సేకరించిన జానపద గేయముల వ్రాత ఉన్నది. నకలు లేదు. అంగడివానిని అడిగిన బిల్లు చూపుమన్నాడు. పన్ను తప్పునని బిల్లు వద్దన్నది మేమే.

పవర్ సప్లై పని గోడలోని 230 వోల్టుల ప్రవాహమును 12 వోల్టులకు, ఇంకను తక్కువకు దింపి భాగములకు పంచుట. నేటి ప్రాసెసరు, కార్డు రెండును 12 వోల్టుల దారి నుండియే తినును. కావున పెట్టె మీది పెద్ద అంకెను గాక, ప్రక్కనున్న చీటీలో 12 వోల్టుల దారికి ఎన్ని వాట్లు వ్రాసియున్నవో చూడవలెను. మంచి వస్తువులో అది మొత్తమునకు ఇంచుమించు సమానముగా ఉండును. నాసివానిలో సగమునకు పడిపోవును, లేదా వ్రాసియే ఉండదు. 2004లో మొదలైన '80 ప్లస్' గుర్తు ఉన్నదా అనియు చూడవలెను. తీసికొన్న విద్యుత్తులో నూటికి 80 పాళ్లయినను వృథా కాకుండ ఇచ్చునని ఆ గుర్తు తెలుపును. అది పొదుపును గూర్చిన సాక్ష్యమే గాని దృఢత్వమునకు పూర్తి హామీ కాదు. అయినను ఆ పరీక్షకు నిలిచిన వస్తువు తొమ్మిది వందల వస్తువువలె ఉండదు. అధిక వోల్టేజి, అధిక ప్రవాహము, షార్టు సంభవించినప్పుడు తనంతట తాను ఆగిపోవు రక్షణలు ఉన్నట్లు తయారీదారు పత్రములో చదివి నిర్ధారించుకొనవలెను.

మా లెక్క ఇట్లు సాగినది. కార్డుకు 132, ప్రాసెసరునకు నిర్ణీతము 65, వేగము పుంజుకొన్నప్పుడు ఇంకొంచెము. బోర్డు, పంకాలు, ఎస్‌ఎస్‌డీ కలిపి మరొక 40, 50. మొత్తము 260 లోపు. ఈ కార్డుకు 450 వాట్ల పవర్ సప్లై చాలునని తయారీదారులే చెప్పుదురు. మేము 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు గలది, సుమారు 4,300 రూపాయలకు కొన్నాము. రేపు పెద్ద కార్డు వేసినను అదే పనికివచ్చును. ఆర్‌టీఎక్స్ 4060 మానుకొని మిగిల్చిన డబ్బు దీనికి, యూపీఎస్‌కు పోయినది. యూపీఎస్ విషయములో చాలమంది 600 వీఏ కొందురు. అట్టివి సాధారణముగా 360 వాట్లు మాత్రమే మోయగలవు. ఆట మధ్య కరెంటు పోయినచో కంప్యూటరు, తెర కలిపి దాదాపు దాని అంచునకు చేరును. మేము 1000 వీఏ తీసికొన్నాము. ఎల్లారెడ్డిలో వేసవి సాయంత్రపు గాలిదుమారములు ఎరిగినవారు దీనిని దుబారా అనరు. ఎర్తు తీగ సరిగా ఉన్నదా అని ఎలక్ట్రీషియను చేత చూపించిన తరువాతనే ప్లగ్గు పెట్టవలెనని కూడ చెప్పినాము.

క్యాబినెట్టు ముందువైపు జాలి గలదై ఉండవలెను, అద్దము కాదు. చల్లని గాలి ముందు నుండి వచ్చి, వేడి గాలి వెనుక నుండి పోవలెను. మే నెలలో మన ప్రాంతమున గది బయట 43, 44 డిగ్రీలు. రేకుల గదిలో లోపల కూడ అంతకు తక్కువ ఉండదు. 5600 ప్రాసెసరు 90 డిగ్రీల వరకు ఓర్చును. ఆపైన తన వేగమును తానే తగ్గించుకొనును. అద్దాల పెట్టెలో గాలి ఆడక ఆట తడబడుచుండగా ప్రాసెసరు మంచిది కాదని నిందించువారిని చూచినాము. మూడు నెలలకొకసారి దుమ్ము దులుపుట మరువరాదు.

సెకండ్ హ్యాండ్ వస్తువుల సంగతి. 2020 మొదలు 2022 వరకు క్రిప్టో నాణెముల తవ్వకమునకు గ్రాఫిక్స్ కార్డులను రాత్రింబవళ్లు నడిపినారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకొనగా ఆ కార్డులు గుంపులుగా బజారున పడినవి. అన్నియు చెడ్డవి కావు. కాని పంకాలు అరిగియుండును. పాత కార్డులోని సమాచారము మార్చి క్రొత్త పేరుతో అమ్ము మోసము కూడ కలదు. జీపీయూ-జడ్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి చూచిన పిదపనే డబ్బు చెల్లించవలెను. తొలిసారి కూర్చువారు కార్డు, పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీ పాతవి కొనరాదని మా అభిప్రాయము. ప్రాసెసరు మాత్రము పాతదైనను సాధారణముగా పాడు కాదు.

మే నెలలో ఒక ఆదివారము కాని దినమున కామారెడ్డిలో రైలెక్కి సికింద్రాబాదు చేరినాము. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మన రాష్ట్రమున కంప్యూటరు భాగములకు పెద్ద అంగడి. ఢిల్లీకి నెహ్రూ ప్లేసు, చెన్నైకి రిచీ స్ట్రీటు ఎట్టివో హైదరాబాదుకు అది అట్టిది. మొదటి గంట ఏమియు కొనలేదు. నాలుగు అంగళ్లలో అదే జాబితా ఇచ్చి నాలుగు చీటీలు వ్రాయించుకొన్నాము. ఒకచోట పవర్ సప్లై తగ్గించి క్యాబినెట్టు పెంచి ఇచ్చినారు. ఒకచోట ప్రాసెసరు పెట్టె లేకుండ ఇత్తుమన్నారు. వెయ్యి రూపాయలు తక్కువ. పెట్టె లేని ప్రాసెసరునకు తయారీదారుల మూడేండ్ల వారంటీ వర్తించదు, కావున వద్దన్నాము. 18 శాతము జీఎస్‌టీతో, ప్రతి భాగము సీరియల్ నంబరుతో బిల్లు వ్రాయించుకొన్నాము. కార్డు 21,000, ప్రాసెసరు 10,500, బోర్డు 8,500, తెర 8,500, యూపీఎస్ 5,000. మిగిలినవి కలిపి మొత్తము 71,500 అయినది. విద్యార్థి రంగుల పంకాల వైపు ఒకసారి చూచి ముఖము త్రిప్పుకొన్నాడు. మాకును కొంచెము జాలి కలిగినది.

కూర్చుట మరునాడు ఎల్లారెడ్డిలో, వారి యింటి ముందు గదిలో. తల్లి బీడీల చాట ప్రక్కన పెట్టి చూచుచు కూర్చుండెను. ముందుగా ఇనుప క్యాబినెట్టును ముట్టుకొని ఒంటిలోని స్థిర విద్యుత్తును వదలించుకొన్నాము. బోర్డును దాని అట్టపెట్టె మీదనే పెట్టి, ప్రాసెసరు మూలనున్న త్రిభుజపు గుర్తును సాకెట్టు గుర్తుకు కలిపినాము. అది తన బరువుతోనే దిగవలెను, నొక్కరాదు. మెమరీ కడ్డీలు మాత్రము టక్కుమను వరకు నొక్కవలెను. బోర్డును పెట్టెలో బిగించి, కార్డు పెట్టి, తీగలు కలుపుటకు రెండున్నర గంటలు పట్టినది. మీట నొక్కినాము. పంకాలు తిరిగినవి, తెర నల్లగానే ఉన్నది.

ఆ రెండు నిమిషములు ఆ బాలుని ముఖము చూడలేకపోయినాము. తల్లి ఏమియు అనలేదు; అనకపోవుటయే ఎక్కువ బాధ కలిగించినది. పాత పొగవాసన మా ముక్కుకు తగిలినట్లయినది. మెమరీ తీసి మరల పెట్టినాము. లాభము లేదు. తుదకు చూడగా తెర తీగను మదర్‌బోర్డు రంధ్రములో పెట్టియున్నాము. పైన అంత వివరముగా వ్రాసితిమి గదా, 5600లో బొమ్మ చూపు శక్తి లేదని! తీగను క్రింది కార్డు రంధ్రమునకు మార్చగానే తెర వెలిగినది. తప్పు మాదే, విద్యార్థిది కాదు.

పిదప బయాస్‌లో మెమరీని దాని పూర్తి వేగమగు 3200కు మార్చుటకు ఎక్స్‌ఎంపీ అను మీట వేసినాము; ఇది వేయక ఏండ్ల తరబడి తక్కువ వేగముతో వాడువారు కలరు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగియనున్నదని తెలిసియుండుటచే విండోస్ 11 వేసినాము. లినక్సు మీద కూడ నేడు చాల ఆటలు నడచును గాని వలోరాంట్ నడవదు. అది లేనిదే ఆ కంప్యూటరు ఎందుకన్నట్లు చూచినాడు.

తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానము ఇంకను బాకీ ఉన్నది. ఆటలకు ఇంత పైసలు తగునా అన్న తగదనియే మేము ఆమెతో చెప్పినాము. అయితే అదే కార్డు త్రిమితీయ చిత్రములు గీయు బ్లెండరు సాఫ్ట్‌వేరునకు, వీడియో కూర్పునకు కూడ పనికివచ్చును. బ్లెండరు ఉచితము. రోజుకు ఒక గంట ఆట, ఒక గంట బ్లెండరు అని ఆమె యెదుటనే ఒప్పందమైనది. అది ఎంతవరకు సాగినదో వచ్చే సంచికలో వానినే వ్రాయుమందుము. ఆ సాయంత్రమే తండ్రికి వీడియో కాల్ చేసి పెట్టె లోపలి భాగములను ఒక్కొక్కటి చూపించి పేర్లు చెప్పినాడు. తండ్రి అన్నియు విని, "కరెంటు పోతే?" అని అడిగినాడు. విద్యార్థి గోడ మీట ఆపినాడు. యూపీఎస్ కీచుమన్నది, తెర వెలుగుచునే ఉన్నది.

మిగిలిన 500 రూపాయలు తల్లి చేతికి ఇచ్చినాము. ఖాళీ పెట్టెలన్నిటిని ఆమె అటక మీద పెట్టించినది; వారంటీ మూడేండ్లు తీరువరకు వానిని పాత సామానులవానికి వేయవద్దని చెప్పి, ఆఖరు బస్సునకు కామారెడ్డి తిరిగి వచ్చినాము.